డ్రూ మ్యాజీ కేసు: ఒక మైనర్ లీగ్ షార్ట్‌స్టాప్ బతుకు లెక్క

టాంపా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు పన్నులు, పెట్టుబడులు, పిల్లల చదువు పొదుపు చూసిపెట్టడం నా వృత్తి. 2023 వేసవి దాకా బేస్‌బాల్ గురించి నన్ను అడిగినవాళ్లు లేరు. ఆ జులైలో అర్జున్ నిమ్మల అనే 17 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ను టొరంటో బ్లూ జేస్ అనే మేజర్ లీగ్ క్లబ్, కొత్త కుర్రాళ్లను క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే, మొత్తం మీద 20వ పేరుగా ఎంచుకుంది. తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. ఇక్కడికి దగ్గర్లోనే డోవర్‌లో హైస్కూల్ చదివాడు. సంతకానికి 30 లక్షల డాలర్ల బోనస్. దాంతో వారాంతాల్లో కొడుకుల్ని టోర్నమెంట్లకు తిప్పే తండ్రుల ప్రశ్నలు మారిపోయాయి. "మావాడి చెయ్యి బాగుందంటున్నారండీ కోచ్‌లు. మొదటి రౌండ్ రాదు, అది మాకూ తెలుసు. పదో రౌండో, పదిహేనో రౌండో వచ్చిందనుకోండి, అప్పుడేంటి పరిస్థితి?" అని అడిగాడు ఒకాయన.

దానికి జవాబుగా నేను వాళ్ల ముందు పెట్టే కేసు డ్రూ మ్యాజీది. మేజర్ లీగ్‌కు కింద, క్లబ్‌లు ఆటగాళ్లను తయారుచేసుకునే మైనర్ లీగ్‌లోనే కెరీర్ దాదాపు అంతా గడిపిన మనిషి. ఆయన నా క్లయింట్ కాదు. ఇక్కడ చెప్పేదంతా పత్రికల్లో, లీగ్ రికార్డుల్లో ఉన్నదే. ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2010లో 15వ రౌండ్‌లో ఎంపికైన షార్ట్‌స్టాప్ ఆయన. సరిగ్గా ఆ తండ్రి అడిగిన చోటు నుంచే మొదలైన కెరీర్.

ముందు ఆ పొజిషన్ గురించి. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. కుడిచేతి బ్యాటర్లు లాగి కొట్టిన నేలబారు బంతులు ఎక్కువగా అటే వస్తాయి. బ్యాటర్ మొదటి బేస్ చేరాలంటే 90 అడుగులు పరిగెత్తాలి. అందుకు పట్టేది నాలుగు సెకన్లు, ఆపైన కాస్త. ఆలోపు బంతిని చేరుకోవాలి, అందుకోవాలి, వజ్రం ఆకారపు మైదానం అవతలి అంచుదాకా గురి తప్పకుండా విసరాలి. పాయింట్‌లో జాంటీ రోడ్స్ ఉంటే బౌలర్‌కు ఎంత ధైర్యమో, మంచి షార్ట్‌స్టాప్ ఉంటే పిచ్చర్‌కు అంత ధైర్యం. అందుకే ప్రతి స్కూల్లోనూ చురుకైన కుర్రాడిని అక్కడే నిలబెడతారు.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. డ్రాఫ్ట్‌కు వచ్చే ఇన్‌ఫీల్డర్లలో చాలామంది అంతకుముందు షార్ట్‌స్టాప్‌లే. డొమినికన్ రిపబ్లిక్‌లో శాన్ పెడ్రో డి మకోరిస్ అనే ఊరు షార్ట్‌స్టాప్‌లకే పేరుపడింది. వెనిజులా నుంచీ కుర్రాళ్లు వస్తారు. (వీసా కష్టాలు తెలిసిన మనవాళ్లకు ఇది ఆసక్తిగా ఉంటుంది. 2006 చివరి దాకా మైనర్ లీగ్ విదేశీ ఆటగాళ్లకు హెచ్-2బీ అనే తాత్కాలిక పని వీసా కోటానే దిక్కు. ఆ ఏడాది వచ్చిన చట్టంతో వాళ్లకూ ఆటగాళ్లకిచ్చే పీ-1 వీసా దొరికింది. దాంతో కోటా అడ్డు పోయింది, పోటీ పెరిగింది.) పైన మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లు. అంటే 30 మంది అసలు షార్ట్‌స్టాప్‌లు. మిగతా అందరూ ఏదో ఒక రోజు సెకండ్ బేస్‌కో, థర్డ్ బేస్‌కో, అవుట్‌ఫీల్డ్‌కో జరగాల్సిందే.

పైకి వెళ్లే మెట్లు ఐదు. రూకీ, లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. రూకీ శిబిరాలు వదిలేస్తే ఒక్కో క్లబ్‌కు నాలుగు అనుబంధ జట్లు, మొత్తం 120. 2020 వరకు అవి 160 ఉండేవి. సీజన్‌లో ఒక క్లబ్ తన మైనర్ లీగ్ కాంట్రాక్టుల్లో 165 మందిని పెట్టుకోవచ్చు. మేజర్ లీగ్ జట్టులో సీట్లు 26.

రికార్డు

మ్యాజీ 1989లో ఫీనిక్స్‌లో పుట్టాడు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. 2010లో డ్రాఫ్ట్ 50 రౌండ్లు సాగేది. 15వ రౌండ్‌లో పిట్స్‌బర్గ్ పైరెట్స్ తీసుకుంది. ఐదు సీజన్లలో మెట్టు మెట్టూ ఎక్కి డబుల్-ఏ జట్టు అల్టూనా దాకా వెళ్లాడు. అక్కడ బంధం తెగింది. తర్వాత ఏంజెల్స్, డాడ్జర్స్, క్లీవ్‌ల్యాండ్, మిన్నెసోటా ట్విన్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్. ఆఖరికి మళ్లీ పైరెట్స్, మళ్లీ అల్టూనా. మధ్యలో 2020లో మైనర్ లీగ్ సీజనే జరగలేదు. అది తీసేస్తే 13 సీజన్లు, 1,150కి పైగా ఆటలు, 4,400కు పైగా సార్లు బ్యాటింగ్. సగటు .260 దరిదాపు, అంటే నూటికి 26 సార్లు బేస్ చేరేలా కొట్టిన హిట్లు.

ఈ అంకెల్ని ఊరికే వదిలేయకూడదు. ఆటల్ని సీజన్లతో భాగిస్తే ఏడాదికి 90 కూడా రావు. ఆయన ఎక్కువ కాలం గడిపిన డబుల్-ఏ, ట్రిపుల్-ఏ సీజన్లు అప్పట్లో 140 ఆటలవి. అంటే మూడో వంతు రోజులు ఆయన కూర్చునో, గాయంతోనో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బస్సులోనో గడిపాడు. కానీ బ్యాటింగ్‌ను ఆటలతో భాగిస్తే ఆటకు దాదాపు నాలుగు సార్లు వస్తుంది. అంటే దిగిన రోజు ఆటంతా ఆడాడు, చివర్లో ఒకరికి బదులుగా దిగే మనిషి కాదు. రెండు అంకెలూ కలిపి చూస్తే ఆయన ఉద్యోగం ఏమిటో తెలుస్తుంది. ఏ రోజు ఎవరు లేకపోతే ఆ రోజు ఆ చోట, పూర్తి ఆట. షార్ట్‌స్టాప్, సెకండ్, థర్డ్, అవుట్‌ఫీల్డ్.

ఇలాంటివాళ్లను క్లబ్‌లలో ఆర్గ్ గై, అంటే ఆర్గనైజేషన్ మనిషి, అంటారు. తిట్టు కాదది, పని పేరు. క్లబ్ లక్షల డాలర్లు పోసింది జట్టులో ఇద్దరు ముగ్గురు ప్రాస్పెక్ట్‌ల మీద, అంటే పైకి వస్తారని ఆశపెట్టుకున్న కుర్రాళ్ల మీద. ప్రాస్పెక్ట్‌కు రోజూ ఆట కావాలి, ఆటకు తొమ్మిది మంది కావాలి. మిగతా ఆరేడుగురు ఎందుకున్నారంటే అందుకే. 19 ఏళ్ల ఖరీదైన షార్ట్‌స్టాప్ పక్కన సెకండ్ బేస్‌లో నిలబడి, ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేసే డబుల్ ప్లేలో తడబడకుండా, వాడికి అడుగులు నేర్పుతూ, వాడు పై జట్టుకు వెళ్లిపోతే మర్నాడు వాడి చోట నిలబడే మనిషి క్లబ్‌కు చాలా అవసరం. కొడుకు టాలెంట్ గురించి మాట్లాడే తండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే. "క్లబ్ మీవాడిని ఉంచుకుంది" అనేదీ, "క్లబ్ మీవాడిని పైకి తీసుకెళ్లాలనుకుంటోంది" అనేదీ వేరువేరు వార్తలు. కాంట్రాక్టు కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నాలుగు చోట్ల ఆడగలగడం మ్యాజీని ఆటలో ఉంచింది. అదే ఆయన్ను షార్ట్‌స్టాప్‌గా ఎవరూ లెక్కలో పెట్టుకోకుండానూ చేసింది. ఇందులో ఏది ఎక్కువ అని అడిగితే నేను మొదటిదే అంటాను. డబుల్-ఏలో .260 కొట్టే ఒకే చోటి షార్ట్‌స్టాప్‌కు 27వ ఏట ఫోన్లు ఆగిపోతాయి.

డబ్బు

సంతకం బోనస్‌ను ఈ లెక్కలో కలపను. అది ఒక్కసారి వచ్చే సొమ్ము. తర్వాతి పదేళ్ల అద్దె దానితో కట్టేద్దామనుకున్న ఏ కుటుంబానికీ ఆ లెక్క కుదరలేదు.

మ్యాజీ మొదలుపెట్టిన రోజుల్లో కొత్త కుర్రాడి జీతం నెలకు 1,100 డాలర్లు. డబుల్-ఏకి కొత్తగా వచ్చినవాడికి 1,700. ట్రిపుల్-ఏలో 2,150. అదీ సీజన్ నడిచే ఐదు నెలలే. మార్చిలో జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌కు జీతం లేదు. చలికాలానికి లేదు. ప్రయాణాల్లో తిండికి రోజుకు 25 డాలర్లు. అద్దె సొంతం. ఆ ఊళ్లో ఎన్ని నెలలుంటాడో తెలియని మనిషికి ఏడాది లీజు ఎవరిస్తారు? ఒక అపార్ట్‌మెంట్‌లో ఐదారుగురు, నేల మీద గాలి పరుపులు. క్లబ్‌హౌస్‌లో బట్టలు ఉతికి, తిండి పెట్టే మనిషికి ఇచ్చే డబ్బు కూడా జేబులోంచే. చలికాలంలో పిల్లలకు బ్యాటింగ్ పాఠాలు చెప్పో, గోడౌన్‌లో పనిచేసో గడపాలి.

ఇది చట్టవిరుద్ధం కాదా అని మనవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న మీదే 2014లో సెన్ అనే మాజీ ఆటగాడి పేరుతో కేసు పడింది. కేసు నడుస్తుండగానే, 2018 మార్చిలో, మైనర్ లీగ్ ఆటగాళ్లకు ఫెడరల్ ఓవర్‌టైమ్ వర్తించకుండా చేసే సెక్షన్ ఒకటి పెద్ద బడ్జెట్ బిల్లు లోపల దూరింది. వారానికి 40 గంటల కనీస వేతనం ఇస్తే చాలు, ఆపైన ఎన్ని గంటలు పనిచేసినా అడగకూడదు. 2022లో కేసు 18.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది. వేల మంది ఆటగాళ్లకు పంచితే మనిషికి దక్కింది కొంచెమే. కానీ ఆ ఒత్తిడి ఊరికే పోలేదు. 2021లో వారం జీతాలు పెరిగాయి. డబుల్-ఏలో 350 నుంచి 600కు, ట్రిపుల్-ఏలో 502 నుంచి 700కు. 2022లో క్లబ్‌లే ఇల్లు చూపించడం మొదలైంది. అదే సెప్టెంబర్‌లో మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్‌లో చేరారు. 2023 మార్చి ఆఖరుకు వాళ్ల మొదటి ఒప్పందం కుదిరింది. డబుల్-ఏ ఏడాది జీతం 13,800 నుంచి 30,250కి, ట్రిపుల్-ఏ 17,500 నుంచి 35,800కి వెళ్లింది.

ఆరేడేళ్లు దాటి ఫ్రీ ఏజెంట్ అయినవాడు ఈ కనీస అంకెల మీద ఉండడు, బేరమాడుకోగలడు. ట్రిపుల్-ఏలో అనుభవజ్ఞుడికి కనీసానికి కొన్ని రెట్లు ఇచ్చే క్లబ్‌లు ఉన్నాయి. కాబట్టి మ్యాజీ కెరీర్ రెండో సగం మొదటి సగమంత బీదది కాకపోవచ్చు. నా దృష్టిలో ఆటగాడి కెరీర్‌లో అసలైన తేదీ డ్రాఫ్ట్ రోజు కాదు, ఫ్రీ ఏజెంట్ అయిన రోజు. ఆ రోజు వరకు క్లబ్ ఏది ఇస్తే అది. ఆ తర్వాత 30 క్లబ్‌లలో ఎవరికి తన అవసరం ఉందో తనే చూసుకోవచ్చు.

నా వృత్తికి దగ్గరి విషయం ఒకటి. ఎక్కడ ఆడితే ఆ రాష్ట్రానికి పన్ను. అల్టూనా ఆడే ఈస్టర్న్ లీగ్‌లో పెన్సిల్వేనియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, మేరీల్యాండ్, వర్జీనియా, కనెక్టికట్, మెయిన్, న్యూ హాంప్‌షైర్ ఉన్నాయి. పెన్సిల్వేనియా 3.07 శాతం తీసుకుంటుంది. న్యూ హాంప్‌షైర్ జీతం మీద ఏమీ తీసుకోదు. మిగతావాటికి ఒక్కోదానికి ఒక్కో పన్ను పరిమితి, ఒక్కో ఫారం. 14 వేల జీతానికి కోటీశ్వరుడికి ఉన్నంత రిటర్న్ తయారవుతుంది. దీనికి తోడు 2018 నుంచి ఉద్యోగి సొంత ఖర్చులకు ఫెడరల్ మినహాయింపు పోయింది. గ్లవ్, బ్యాట్లు, క్లబ్‌హౌస్ డబ్బు, చలికాలపు ట్రైనర్ ఫీజు, దేన్నీ తీసివేయలేం. దీనివల్ల బాగా దెబ్బతిన్నది ఇలాంటి చిన్న జీతగాళ్లే.

సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌ను 35 ఏళ్ల సంపాదన సగటు మీద కడతారు. 13 ఏళ్లు ఇంత తక్కువ జీతం ఉంటే ఆ సగటు కిందికే లాగుతుంది. మేజర్ లీగ్ పెన్షన్‌కు మేజర్ లీగ్ జట్టులో 43 రోజుల సర్వీసు ఉండాలి. 43 అనే అంకె మైనర్ లీగ్‌లో అందరి నోటా ఉంటుంది.

నిర్ణయాలు

కేసు రాసేటప్పుడు ఫలితం పక్కన పెట్టి, ఆ రోజు ఆటగాడికి ఏం తెలుసో అదే చూడాలి. మ్యాజీ కెరీర్‌లో నాకు కనిపించే మలుపులు నాలుగు. వాటిలో మూడింటి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది.

2014 ఆఖరు. వయసు 25. ఎంచుకున్న క్లబ్ ఇక తనది కాదు, డబుల్-ఏ దాటలేదు. మన ఇళ్లలో అయితే "ఇక చాలు, వచ్చి మాస్టర్స్ చెయ్యి" అంటారు. ఆట వదలడానికి ఖర్చు తక్కువ వయసు అదే. అయినా ఆయన కొనసాగడం నాకు తప్పుగా కనిపించదు. డబుల్-ఏ అంటే ఫోన్ వస్తే నేరుగా మేజర్ లీగ్‌కు వెళ్లగల మెట్టు. ఇంకో క్లబ్ కావాలంటోంది. ఒక ఏడాది చూద్దామనుకోవడానికి ఆధారం ఉంది.

డాడ్జర్స్, క్లీవ్‌ల్యాండ్ ఏళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ట్రిపుల్-ఏ దాకా వెళ్లాడు, పని దొరికింది, చేశాడు. ఈ దశలో చాలామంది విదేశీ లీగ్‌లు చూస్తారు. షార్ట్‌స్టాప్‌కు ఆ దారి ఇరుకు. కొరియా లీగ్‌లో అప్పట్లో జట్టుకు ముగ్గురు విదేశీయులు, వాళ్లలో ఇద్దరు సాధారణంగా పిచ్చర్లు. మిగిలిన ఒక్క సీటు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టేవాడికి పోతుంది. చక్కగా బంతి పట్టే కుర్రాళ్లు వాళ్లకు ఇంట్లోనే ఉన్నారు. షార్ట్‌స్టాప్ నైపుణ్యం అమెరికాలో పిలిచి పని ఇప్పిస్తుంది, ఎగుమతికి మాత్రం పనికిరాదు. ఈ పాయింట్ కుర్రాళ్లకు ఎవరూ చెప్పగా నేను వినలేదు.

2020. వయసు 31. సీజన్ రద్దు. ఆపై చలికాలంలో 40 అనుబంధ జట్లు ఎగిరిపోయాయి, అంటే దాదాపు వెయ్యి ఉద్యోగాలు. ఇక్కడ ఆయన నా ఎదుట కూర్చుని ఉంటే ఆపమనే చెప్పేవాణ్ని. ఇప్పటికీ అదే చెబుతాను. ఖాళీలు తగ్గాయి, వయసు పెరిగింది, కింద నుంచి కుర్రాళ్లు వస్తున్నారు. అంకెలు చూస్తే కొనసాగడానికి కారణం కనిపించదు.

ఆయన ఆగలేదు. 2021లో ట్విన్స్ ట్రిపుల్-ఏ జట్టు సెయింట్ పాల్‌లో అంతకుముందు ఏ ఏడాదీ కొట్టనన్ని హోమ్ రన్లు కొట్టాడు. సెప్టెంబర్‌లో ట్విన్స్ పైకి పిలిచింది. యూనిఫాం వేసుకున్నాడు, డగౌట్‌లో కూర్చున్నాడు, ఆటలోకి దిగలేదు, తిరిగి వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లకు బేస్‌బాల్ చరిత్రకారులు ఫాంటమ్ ఆటగాళ్లని పేరు పెట్టారు. జట్టు జాబితా మీద పేరుంటుంది, రికార్డు పుస్తకంలో ఉండదు.

ఆ తర్వాత ఫిల్లీస్‌లో 2022. ఆ ఏడాది ముగిసేసరికి 33. నాలుగో మలుపు ఇది. 2023లో పాత క్లబ్, డబుల్-ఏ. అంటే 24 ఏళ్లకు ఉన్న మెట్టుకే మళ్లీ. జీతం కోసమైతే దీన్ని ఎవరూ ఒప్పుకోరు. ఇంకేదో కావాలనుకున్నాడు, దానికి ధర కట్టడం నా పని కాదు. ఆ ధర ఎంతో చూపించి, చెల్లించగలవా అని అడగడం వరకే నా పని.

ఏప్రిల్ 2023

పైకి పిలుపు ఎలా వస్తుందో అర్థం కావాలంటే, ఆ 26 మంది జట్టును ఎంచుకునే 40 మంది జాబితా గురించి తెలియాలి. మేజర్ లీగ్ ఆట ఆడాలంటే ముందు అందులో పేరుండాలి. మ్యాజీ లాంటి మైనర్ లీగ్ కాంట్రాక్టు మనిషి అందులో ఉండడు. ఆయన్ను పిలవాలంటే ఒక ఖాళీ ఉండాలి, లేదా ఎవరినో తీసేయాలి. తర్వాత జాబితాలోంచి దించాలంటే మిగతా 29 క్లబ్‌లకు కావాలా అని చూపించాలి. అంటే ఆ ఒక్క ఫోన్‌కు క్లబ్ ఏదో ఒకటి చెల్లిస్తుంది. ఆటగాడు ఎంత బాగా ఆడుతున్నాడన్నది ఆ లెక్కలో ఒక అంశం మాత్రమే.

2023 ఏప్రిల్ 9న పైరెట్స్ అసలు షార్ట్‌స్టాప్ ఒనీల్ క్రూజ్ చీలమండ విరిగింది. షార్ట్‌స్టాప్ సీటు ఖాళీ అయింది. ఫోన్ అల్టూనాకు రాలేదు, ఎక్కువగా అప్పటికే జట్టులో, జాబితాలో ఉన్న కుర్రాళ్లే ఆ చోట ఆడారు. ఫోన్ వచ్చింది రెండు వారాల తర్వాత, ఏప్రిల్ 23న. బ్రయన్ రేనాల్డ్స్ అనే అవుట్‌ఫీల్డర్ బంధువు చనిపోయి సెలవు మీద వెళ్తే. షార్ట్‌స్టాప్‌గా మొదలై 13వ సీజన్‌లో ఉన్న మనిషికి పిలుపు షార్ట్‌స్టాప్ గాయంతో రాలేదు, అవుట్‌ఫీల్డర్ ఇంటి విషాదంతో వచ్చింది. ఈ రెండు వారాల వరుస చెప్పాక తండ్రులు కాసేపు మాట్లాడరు.

అదే వారంలో రేనాల్డ్స్‌తో పైరెట్స్ ఎనిమిదేళ్లకు 10 కోట్ల 67.5 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ క్లబ్ చరిత్రలో అప్పటికి అదే పెద్దది.

ఏప్రిల్ 26న, పిట్స్‌బర్గ్‌లో డాడ్జర్స్ మీద, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆండ్రూ మెక్‌కచెన్ బదులు మ్యాజీ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. ఎడమ లైన్ వెంట ఒక బంతిని చాలా దూరం కొట్టాడు, గీత బయట పడి ఫౌల్ అయింది. ఎడమచేతి పిచ్చర్ అలెక్స్ వెసియా చేతిలో మూడు స్ట్రైక్‌లతో అవుటయ్యాడు. మూడు రోజులకు వాషింగ్టన్‌లో మొదటి హిట్ వచ్చింది. మొత్తం మూడు ఆటలు, ఆరు సార్లకు రెండు హిట్లు, సగటు .333. కొద్ది రోజులకే తిరిగి కిందికి పంపారు.

డబ్బు కోణం చూస్తే, 2023లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,20,000 డాలర్లు. సీజన్ 186 రోజులు. రోజుకు దాదాపు 3,870. పై జట్టులో ఎనిమిది రోజులుంటే డబుల్-ఏ ఏడాది జీతం దాటిపోతుంది, అదీ కొత్త ఒప్పందం తర్వాతి జీతం. ఈ వ్యవస్థ మొత్తం ఈ నిష్పత్తి మీద నడుస్తోంది. ఎనిమిది రోజుల ఆశ ఒక మనిషిని ఇంకో ఏడాది తక్కువ జీతంలో ఉంచగలదు. క్లబ్‌కు ఆ ఆశ పూర్తిగా ఉచితం.

చాలామంది ఈ కథను "చూశారా, పట్టుదల ఉంటే" అని చెప్పుకుంటారు. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం సరైనదని నేను అనను. రేనాల్డ్స్ ఇంట్లో ఎవరూ పోకపోయి ఉంటే మ్యాజీ 13 సీజన్ల పట్టుదల అంతే ఉండేది, మనం మాత్రం ఆయన పేరు వినేవాళ్లం కాదు. అలా వినని పేర్లు ప్రతి క్లబ్‌లో ఉన్నాయి.

ఇప్పుడు సంతకం చేసేవాళ్లకు

మ్యాజీ కాలానికీ ఇప్పటికీ నిబంధనలు మారాయి. డ్రాఫ్ట్ 50 రౌండ్ల నుంచి 20కి తగ్గింది. 15వ రౌండ్ అప్పుడు పై మూడో వంతులో ఉండేది, ఇప్పుడు ముప్పావు దూరంలో ఉంటుంది. కాబట్టి ఆ తండ్రి అడిగిన పదిహేనో రౌండ్ కుర్రాడు ఈ రోజు క్లబ్ కళ్లలో అప్పటి మ్యాజీ కంటే చిన్నవాడేమీ కాదు, కానీ అతని తర్వాత మిగిలే సీట్లు చాలా తక్కువ.

క్లబ్ పట్టు కాలం కూడా మారింది. పాత నిబంధనలో సంతకం చేసినవాడు ఏడు సీజన్లు క్లబ్ చేతిలో ఉండేవాడు. 2024 నుంచి 19 ఏళ్లు నిండి సంతకం చేసేవాడికి అది ఆరుకు తగ్గింది. 18 ఏళ్లకు హైస్కూల్ నుంచి నేరుగా వెళ్లేవాడికి ఇంకా ఏడే. 18 ఏళ్లవాడు ఫ్రీ ఏజెంట్ అయ్యేది దాదాపు 25కి, కాలేజీలో మూడేళ్లు ఆడి 21కి సంతకం చేసేవాడు 27కి. ఎవరికి ఏది మేలన్నది బోనస్ మీద ఆధారపడుతుంది. పెద్ద బోనస్ లేకపోతే నేను కాలేజీ వైపే మొగ్గుతాను. కుర్రాడు వేగంగా పరిగెత్తే షార్ట్‌స్టాప్ అయినా సరే, మూడేళ్లలో ఒళ్లు పెరిగి థర్డ్ బేస్‌కు జరుగుతాడో లేదో అక్కడే తేలిపోతుంది.

తల్లిదండ్రులు బోనస్ అంకె దగ్గర ఆగిపోయి పక్కన పెట్టేసే లైను ఒకటుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడి కాంట్రాక్టులో కాలేజీ ఫీజు కింద క్లబ్ ఇంత ఇస్తుందని రాయించుకోవచ్చు. ఎన్ని సెమిస్టర్లు, సెమిస్టర్‌కు ఎంత అన్నది అంకెల్లో ఉండాలి. ఆట వదిలాక నిర్ణీత గడువులో చదువు మొదలుపెట్టకపోతే ఆ హక్కు పోతుంది. వచ్చే డబ్బు మీద పన్ను పడుతుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకుని అడగాలి. సంతకం అయ్యాక ఈ లైన్ కొత్తగా చేర్చరు, కాబట్టి ఏజెంట్‌తో మొదటి ఫోన్‌లోనే ఆ అంకె అడగమని చెబుతాను.